మడమల చప్పుడు

పోలీసు క్వార్టర్లు, వెనక వరుస
ఎండలు ముదిరిన వారం

వదినగారికి,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం మర్యాద. కానీ ఇంట్లో ఉన్న ముగ్గురిలో ఒకడు క్షేమంగా లేడు కాబట్టి ఆ మాట సగమే రాస్తున్నాను. మీ తమ్ముడూ నేనూ బాగున్నాం. దొర బాగాలేడు.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటారు. ఫోన్ చేస్తే మీ తమ్ముడు పక్కనే కూర్చుని నా మొహంలోకి చూస్తారు. నా నోరు మూతపడుతుంది. 'ఈ పిల్లకి నోట్లో నాలుక పెట్టడం దేవుడు మరిచిపోయాడు' అని పెళ్ళయిన కొత్తలో మీరే అన్నారు. కాగితం మొహంలోకి చూడదు. అందుకని చదివిన ఐదు తరగతులనూ ఇలా ఖర్చు పెడుతున్నాను.

మీరు దొరను ఒకే ఒక్కసారి చూశారు, అదీ డ్యూటీలో ఉన్నప్పుడు. ఎక్కడ సభ జరిగినా, ఏ పెద్ద రైలు కదిలినా ముందు వాడు ముక్కు పెట్టి వాసన చూసి, బాంబు లేదంటేనే పెద్దవాళ్ళు కాలు పెట్టేవారు. వాడి పట్టీ మీ తమ్ముడి చేతిలో ఉండేది. పోయిన ఏడు వాడు రిటైరై మన ఇంటికి వచ్చాడు. ఇప్పుడు ప్రభుత్వం ఇలాంటి కుక్కలకి జీవితాంతం ఉచిత వైద్యం అని ఒక పథకం పెట్టింది. దాని ప్రారంభానికి మమ్మల్నీ పిలిచారు.

ఆ వైభవం చూడాలి వదినా. బ్యానరు మీద పోలీసు కుక్క బొమ్మ లేదు. ఒళ్ళో పెట్టుకునే బొచ్చుకుక్క బొమ్మ ఉంది. అది ఏ బాంబు పట్టిందో మరి. మంత్రిగారు 'వీళ్ళు మన కుటుంబసభ్యులు' అన్నారు. అని, ఆ కుటుంబసభ్యుడి నెత్తిన ఒక వేలు ఆనించి, ఆ వేలిని పక్కవాడి తువ్వాలుకి తుడుచుకున్నారు. వేదిక మీద మనిషికో నీళ్ళ సీసా పెట్టారు. నాలుక బయటపెట్టి రొప్పుతున్నవాడికి మాత్రం ఒక గిన్నెడు నీళ్ళు లేవు. ఓడ ఎక్కేదాకా ఓడమల్లయ్య, దిగాక బోడిమల్లయ్య అని ఊరికే అన్నారా?

తర్వాత పశువుల ఆసుపత్రిలో మొదటి పరీక్ష. డాక్టరుగారు బల్ల అవతల నుంచి చూసి 'నిక్షేపంగా ఉన్నాడు' అన్నారు. కూర్చున్న కుర్చీ కూడా కదలలేదు. మీ తమ్ముడు ఛాతీ విరుచుకుని ఇంటికొచ్చారు.

ఇంట్లో ఉన్న దొర వేరు. లేవాలంటే ముందుకాళ్ళతో ఒళ్ళంతా ఈడ్చుకోవాలి. వెనకకాళ్ళు నున్నటి గచ్చు మీద జారిపోతాయి. వాడు నడిచే దారంతా పాత గోనెసంచులు పరిచాను. మీ తమ్ముడు చూసి 'ఇదేమైనా మిల్లు గోదామా?' అన్నారు. కుంటుతున్నాడండీ అంటే, 'నా ముందు ఎప్పుడూ కుంటలేదే' అంటారు. నిజమే. అదేమిటో నాకూ అర్థం కావడం లేదు.

మీ మరదలు

*

కుట్టుమిషన్ ముందు
బడులు తెరిచే ముందు

ఏమే మరదలా,

నీ ఉత్తరం చదివి మీ అన్నయ్యగారు, 'ఈ అమ్మాయి మూగదనుకున్నానే, గుక్క తిప్పుకోకుండా తిట్టింది' అని మురిసిపోయారు. నేను మురవలేదు. బడిపిల్లల లాగుల గుట్ట మధ్య కూర్చుని రాస్తున్నాను, తీరిక లేదు, సూటిగా అడుగుతాను.

కుక్కల సంగతిలో నా తమ్ముడికి నువ్వు పాఠం చెబుతావా? నిన్ను కట్టుకోకముందే వాడు కుక్కలతో కాపురం చేశాడు. వాడి కుక్క కుంటితే వాడికి తెలియదా? సర్కారు డాక్టరు ఊరికే బాగుందనడమ్మా. నాకు తుమ్మొస్తే సంచెడు మందులిచ్చాడు. అలాంటివాడు ఏమీ లేదన్నాడంటే ఏమీ లేదనే. పొద్దస్తమానం ఒక్కదానివే ఇంట్లో కూర్చుంటే గోడలు కూడా మూలుగుతాయి.

పోనీ, నీ మాటే నిజమనుకుందాం. డాక్టరు నిక్షేపంగా ఉన్నాడన్నప్పుడు నువ్వెక్కడున్నావు? నాకు తెలుసు. ఏదో స్తంభం వెనక నిలబడి కొంగు నములుతున్నావు. ఇంటికొచ్చి నా మీద కాగితం నిండా కారాలూ మిరియాలూ నూరావు. ఆ నూరేదేదో అక్కడే నూరకూడదూ?

వాడికి వేళకి అన్నం పెట్టు. కుక్కకి కాదు, నా తమ్ముడికి.

నీ వదిన

*

పోలీసు క్వార్టర్లు, వెనక వరుస
వానలు పట్టుకున్నాయి

వదినగారికి,

స్తంభం కాదు. మందుల బీరువా. స్తంభం అయితే సగం కనపడతాను.

రెండో పరీక్ష అయింది. మీరు కోప్పడ్డా సరే, జరిగింది జరిగినట్టు రాస్తాను. మీ తమ్ముడు డ్యూటీ నుంచి నేరుగా ఆసుపత్రికి వస్తానన్నారు. దొరను నేనే ఆటోలో తీసుకెళ్ళాను. ఆటో అతను 'కరుస్తుందా?' అన్నాడు. 'రిటైరయ్యాడు' అన్నాను. ఆ రోజు బయటివాళ్ళతో నేను మాట్లాడింది ఆ ఒక్క మాటే.

ఆసుపత్రి మెట్ల దగ్గర దొర ముందుకాళ్ళు పైమెట్టు మీద పెట్టి, వెనక్కి తిరిగి తన వెనకకాళ్ళను చూసుకున్నాడు. అవి ఎవరివో అన్నట్టు చూశాడు. నేను వాడి పొట్టకింద తువ్వాలు వేసి, ఎత్తి ఎక్కించాను. వరండాలో ఒక పక్కకి కూలబడి, తుంటి నాక్కుంటూ ఉన్నాడు. హమ్మయ్య, ఇవాళ వీళ్ళు కళ్ళారా చూస్తారు అనుకున్నాను.

అప్పుడు వరండా చివర బూట్లు వినపడ్డాయి. మీ తమ్ముడు లోపల ఉన్న ఇన్‌స్పెక్టరుగారిని చూసి మడమలు టక్కున దగ్గరికి కొట్టి నిలబడ్డారు. దొర లేచాడు వదినా. ఎవరూ పిలవలేదు, ఎవరూ లాగలేదు. చెవులు నిక్కబొడుచుకుని, తుంటికి ఏ పాపమూ తెలియనట్టు లేచి, గదిలోకి పరేడ్లో నడిచినట్టు నడిచాడు. వాడి ఒళ్ళు సన్నగా వణకడం వెనక నుంచి నాకు కనపడింది. ముందు కూర్చున్నవాళ్ళకి ఛాతీ ఒక్కటే కనపడింది.

ముందు కూర్చున్నది ముగ్గురు. డాక్టరు, లెక్కల ఆఫీసు ఆయన, కుక్కల దళం ఇన్‌స్పెక్టరు. దీన్ని బోర్డు అంటారు. 'వీడా రోగి? నాకంటే బాగా నడుస్తున్నాడే' అని లెక్కలాయన నవ్వాడు. అది నిజమే, ఆయన గుమ్మం దాకా రావడానికే కుర్చీలు పట్టుకుంటాడు. 'ట్రైనింగంటే ఇదీ' అని ఇన్‌స్పెక్టరుగారు మీ తమ్ముడి వీపు చరిచారు. పక్క గదిలో ఎక్స్‌రే మిషను ఉంది, కొత్త పెళ్ళికూతురిలా ముసుగు వేసి ఉంచారు. బోర్డు కుంటి అని తేల్చాకే దాని ముసుగు తీస్తారట. ఎక్స్‌రే తీస్తే కదా కుంటి ఎందుకో తెలిసేది అని మీరు అడుగుతారు. నేనూ అడిగాను, బీరువాని.

ఇంకొక్క పరీక్ష ఉంది. అందులోనూ బాగున్నాడంటే దొరను పథకంలోంచి తీసేస్తారు. ఇక వాడికి మందూ లేదు, ఆపరేషనూ లేదు. బయట చేయించడం మా వల్ల కాదని మీకు తెలుసు. మీ తమ్ముడు మాటవరసకి 'ఇంట్లో మూలుగుతున్నాడని మా ఆవిడ అంటోంది సార్' అన్నారు. ఇన్‌స్పెక్టరుగారు ఎంతో దయగా, 'మరీ బాధపడుతుంటే చెప్పు, ఒక్క సూదితో అయిపోతుంది. అదీ ఉచితమే, నేనొక్కణ్ణి సంతకం పెడితే చాలు' అన్నారు. చూశారా వదినా మన పథకం? బతికించడానికి ముగ్గురు ఒప్పుకోవాలి. చంపడానికి ఒకరు చాలు.

ఇంటికొచ్చాక పొయ్యి వైపు తిరిగి, ధైర్యం చేసి, 'మీరొస్తేనే వాడు లేస్తున్నాడు' అన్నాను. మీ తమ్ముడు నవ్వి, 'అయితే నేనే మందన్నమాట, ఇంక ఆసుపత్రి ఎందుకు?' అన్నారు. నేను కూర మాడ్చాను. కావాలనే.

మీ మరదలు

*

కుట్టుమిషన్ ముందు
వాన పడుతూనే ఉంది

మరదలా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ ధ్యాసలో ఒక లాగుకి రెండు కాళ్ళూ కలిపి కుట్టేశాను. మీ అన్నయ్యగారు దాన్ని గోడకి తగిలించి వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నారు.

నీకొకటి అడుగుతాను. నా తమ్ముడి ఎడమచేతి మణికట్టు చూశావా? కాస్త వంకరగా ఉంటుంది. ఎలా అయిందంటే ఏం చెప్పాడు? ఆటల్లో దెబ్బ తగిలిందన్నాడు కదూ. అందరికీ అదే చెబుతాడు.

మా నాన్న జైలు వార్డరు. సాయంత్రం గుమ్మం ముందు ఆయన బూట్ల చప్పుడైతే పిల్లలం వరసగా నిలబడాలి. ఏడ్చినవాడికి అన్నం లేదు. ఒకరోజు వీడు ప్రహరీ గోడ మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. నేను గుడ్డ తడిపి కడుతుండగానే బూట్లు వినపడ్డాయి. వీడు గుడ్డ లాగి పారేసి, రెండు చేతులూ తొడలకి ఆనించి, కొయ్యలా నిలబడ్డాడు. నాన్న చూసి 'శభాష్' అన్నారు. ఆయన వాణ్ణి శభాష్ అనడం నేను విన్నది అదే. ఆ ఎముక అలాగే వంకరగా అతుక్కుంది.

కాబట్టి వాడికి చెప్పి లాభం లేదు. మొండిచెయ్యి చూపిస్తున్నాడనుకోకు, వాడికి నిజంగా కనపడదు. నిటారుగా ఉంటే బాగున్నట్టే అని చిన్నప్పుడే వాడి బుర్రలో కొయ్య దిగ్గొట్టారు. చెడ్డవాడు కాదు. ఒట్టి మూర్ఖుడు. వాడు అక్కడుంటే ఆ కుక్క చచ్చేదాకా బాగానే ఉంటుంది.

వాడు అక్కడ ఉండకూడదు. మూడో పరీక్ష ఏ రోజో రాయి. ముందురోజు నేను మెట్ల మీంచి పడతాను. అక్క పడిందంటే వాడు పరుగెత్తుకొస్తాడు. మిగతాది నీ పని. బీరువాని మాత్రం వెంట తీసుకెళ్ళకు.

నీ వదిన

*

పోలీసు క్వార్టర్లు

వదినగారికి,

వచ్చే బుధవారం. దయచేసి పడండి.

మీ మరదలు

*

కుట్టుమిషన్ ముందు

పడతాను. నువ్వు నోరు తెరు.

*

పోలీసు క్వార్టర్లు, వెనక వరుస
బుధవారం సాయంత్రం

వదినగారికి,

మీ తమ్ముడు మీ దగ్గర ఉన్నారు కాబట్టి ఈ ఉత్తరం ఆయన కంటపడకుండా చదవండి.

గది నిండా ఆ ముగ్గురే ఉన్నట్టుంది. దొర నా పక్కన కుంటుకుంటూ వచ్చి, గది మధ్యలో కూలబడ్డాడు. ఇన్‌స్పెక్టరుగారు 'మీ ఆయనేడీ?' అన్నారు. 'వాళ్ళక్క పడ్డారండి' అన్నాను. 'ఏంటమ్మా, గట్టిగా చెప్పు' అన్నాడు లెక్కలాయన. గట్టిగా చెప్పాలంటే అబద్ధం ఇంకా పెద్దదవుతుంది కదా, చేతులతో మెట్లు చూపించి, పడ్డట్టు చూపించాను. ముగ్గురూ నవ్వారు.

డాక్టరుగారు 'నడిపించు' అన్నారు. నడిపించాను. గోడ దాకా వెళ్ళి రావడానికి దొర మధ్యలో రెండుసార్లు ఆగాడు. డాక్టరుగారు మొదటిసారి కళ్ళజోడు పెట్టుకున్నారు. నాకు ఆశ పుట్టింది. అప్పుడు ఇన్‌స్పెక్టరుగారికి దళం పరువు గుర్తుకొచ్చింది. 'ఈవిడ చేతిలో ఏ కుక్కైనా ఇలాగే నడుస్తుంది డాక్టర్. పిలిచే పద్ధతిలో పిలవాలి' అని లేచారు. మడమలు టక్కున కొట్టి, 'అటెన్షన్!' అని అరిచారు.

దొర లేవబోయాడు. ముందుకాళ్ళు లేచాయి. వెనకకాళ్ళు లేవలేదు. గోనెసంచి లేని ఆ గచ్చు మీద వాడి గోళ్ళు గీసుకుపోతున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. వాడు ఇన్‌స్పెక్టరుగారి మొహంలోకే చూస్తున్నాడు, తప్పు చేసినవాడిలా. ఇంకొక్క నిమిషం ఉంటే లేచేవాడే వదినా. ఎముక విరిగినా లేచేవాడు. లేస్తే వాళ్ళు బాగున్నాడని రాసుకుని టీ తాగేవారు.

ఇంట్లో వాడు నా వెనకే పొయ్యి దగ్గరి నుంచి కుళాయి దాకా తిరుగుతుంటే నేను ఒక మాట అంటుంటాను. ఆ మాటే వచ్చింది. 'చాల్లే, పడుకో!'

అది నా గొంతని నాకే తెలియలేదు. కిటికీ అద్దం గణగణలాడింది. దొర పడుకున్నాడు. ఇన్‌స్పెక్టరుగారు కూడా కూర్చున్నారు.

ఎవరూ నవ్వలేదు. డాక్టరుగారు కుర్చీలోంచి లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, నేల మీద మోకాళ్ళు ఆనించి వాడి తుంటి మీద చెయ్యి పెట్టారు. దొర కుయ్యోమన్నాడు. అంతమంది మగవాళ్ళ ముందు వాడు నొప్పి అని చెప్పడం అదే మొదలు. నేనూ అంతే అనుకోండి.

మిషను ముసుగు తీశారు. అరిగిపోయిన సబ్బుముక్కలా ఉంది వాడి తుంటి కీలు. ఆపరేషను చెయ్యాలన్నారు, ఖర్చు పథకానిదే. లెక్కలాయన ఒక్కడు 'మరి మొన్న ఎలా నడిచాడు?' అని అడిగాడు. డాక్టరుగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. ఇన్‌స్పెక్టరుగారు బూట్లు చూసుకున్నారు. బోర్డు అంటే ఏమిటో అప్పుడు అర్థమైంది, ముగ్గురు కలిసి ఒక్క జవాబు కూడా చెప్పకుండా ఉండడం.

మీ తమ్ముడికి ఎలా చెప్పను? నా ధైర్యం అక్కడే ఖర్చయిపోయింది.

మీ మరదలు

*

మంచం మీద, అబద్ధపు కట్టు విప్పాక

మరదలా,

నాలుగు రోజులుగా కుంటుతున్నాను. మీ అన్నయ్యగారు ఎదురుపడితే నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పోతున్నారు. నీ దొర నిజంగా కుంటివాడైనా ఎవరూ నమ్మలేదు. నేను గుడ్డపేలిక చుట్టుకోగానే నా తమ్ముడు నమ్మేశాడు, ఏ బోర్డూ అడగలేదు. వేణ్ణీళ్ళు కాచి కాపడం పెట్టాడు. 'నొప్పి ఉంటే చెప్పు అక్కా, ఓర్చుకోకు' అన్నాడు. ఆ మాట వాడి నోట విని నాకు ఏడుపొచ్చింది. నొప్పికే ఏడుస్తున్నాననుకుని ఇంకాస్త వేడినీళ్ళు పోశాడు. కాలు బొబ్బలెక్కింది. ఇప్పుడు నిజంగానే కుంటుతున్నాను.

నువ్వు చెప్పక్కర్లేదు. నీ ఉత్తరం రాగానే కట్టు విప్పి వాడి ముందు పడేసి, అంతా నేనే చెప్పాను. 'నా ముందు ఎప్పుడూ కుంటలేదక్కా' అన్నాడు. 'నువ్వు నాన్న ముందు కుంటావా?' అన్నాను. కుడిచేత్తో ఎడమ మణికట్టు పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత బండి ఎక్కాడు.

కోప్పడితే నాకు రాయి. నోరు ఎలా తెరవాలో ఇప్పుడు నీకు తెలుసు.

నీ వదిన

*

పోలీసు క్వార్టర్లు, వెనక వరుస
చలి మొదలైంది

వదినగారికి,

ఇక్కడ ముగ్గురం క్షేమం. ఈసారి పూర్తిగానే రాస్తున్నాను.

కోప్పడలేదు. వచ్చి గుమ్మం అవతలే బూట్లు విప్పారు. అప్పటి నుంచి మోటారుసైకిలు వీధి మొదట్లోనే ఆపేసి, ఇంటిదాకా తోసుకొస్తున్నారు. పక్కింటివాళ్ళు పెట్రోలు అయిపోయిందా అని అడుగుతున్నారు.

ఆపరేషనయ్యాక దొరను కొన్నాళ్ళు ఆసుపత్రిలోనే ఉంచారు. మీ తమ్ముడు కనపడితే కుట్లు తెంపుకునైనా లేస్తాడని డాక్టరుగారు ఆయన్ని గదిలోకి రానివ్వలేదు. ఆయన ఎక్కడి నుంచి చూశారో చెప్పుకోండి? మందుల బీరువా వెనక నుంచి. నేను కాస్త పక్కకి జరిగి చోటిచ్చాను.

ఇప్పుడు ఇంట్లో నా మాట నేర్చుకుంటున్నారు. 'చాల్లే, పడుకో.' అంతే కదా, చిన్న మాట. గొంతు మెత్తగానే వస్తోంది. కానీ అనేటప్పుడు మడమలు వాటంతటవే దగ్గరికి చేరుతున్నాయి. దొర మాట వినడు, మడమలు చూస్తాడు. వెంటనే లేవబోతాడు. ఆయన మొహం చిన్నబోతుంది. మళ్ళీ మొదలు.

అసలు సంగతి ఇప్పుడు. పథకం గొప్పగా నడుస్తోందని చాటడానికి వాళ్ళకి దొర ఫోటో కావలసి వచ్చింది. రెండుసార్లు నిక్షేపంగా ఉన్నాడని తరిమినవాళ్ళే నిన్న ఫోటోగ్రాఫరుతో సహా మా ఇంటికి వచ్చారు. లెక్కలాయన మా గుమ్మం ఎక్కడానికి నా చెయ్యి పట్టుకున్నాడు. దొర గోనెసంచుల మీద పడుకుని ఉన్నాడు. ఫోటోగ్రాఫరు 'పడుకుంటే ఏం బాగుంటుంది సార్, లేపండి' అన్నాడు. ఇన్‌స్పెక్టరుగారు మీ తమ్ముడి వైపు తిరిగి, 'లేపవయ్యా, నీ మాట వింటాడుగా' అన్నారు.

ఎదురుగా పై అధికారి. ఇన్నేళ్ళ అలవాటు. మీ తమ్ముడి మడమలు కదలడం నేను చూశాను, దొర చూశాడు. వాడి చెవులు లేచాయి. మీ తమ్ముడు తన కాళ్ళ వైపు చూసుకున్నారు. చూసుకుని, ఎడమపాదం ఎత్తి కుడిపాదం మీద పెట్టుకున్నారు, మడమలు కలవడానికి వీల్లేకుండా. చెరువులో కొంగలా, గోడ పట్టుకుని, ఇన్‌స్పెక్టరుగారి ముందు అలాగే నిలబడి, 'చాల్లే, పడుకో' అన్నారు.

దొర చాలాసేపు చూశాడు. చెవులు దించాడు. తల సంచి మీద పెట్టేశాడు.

ఇక చేసేదేముంది? వాడు లేవకపోతే వీళ్ళే దిగాలి. డాక్టరుగారు, లెక్కలాయన, ఇన్‌స్పెక్టరుగారు ముగ్గురూ గోనెసంచుల మీద గొంతుక్కూర్చున్నారు. ఫోటో తీశారు. లెక్కలాయన్ని లేపడానికి ఇద్దరు కావలసి వచ్చింది.

ఒక కాపీ మీకు పంపుతున్నాను. నిద్రపోతున్నవాడు దొర. వెనక కొంగలా ఉన్నది మీ తమ్ముడు. ఆ పక్కన కళ్ళు పెద్దవి చేసుకుని నిలబడ్డది నేను. మా ఇంట్లో బీరువా లేదు.

మీ కాలి బొబ్బ మానిందా? నొప్పి ఉంటే చెప్పండి, ఓర్చుకోకండి.

మీ మరదలు